వాననీరు – పాల వ్యాను ఇంజను

పాల సేకరణలో జరిగే నష్టాలు రెండు విధాలు. వెన్నశాతం తగ్గటం, కొలతలో తేడా రావటం వంటివి అంకెలుగా రిజిస్టరులో కనిపిస్తాయి గనుక వాటిని గురించి పాలకవర్గ సమావేశాలలో చర్చ జరుగుతుంది. రెండవ రకం నష్టం "వ్యాను ఆలస్యం – వాన" అన్న మూడు మాటలతో ముగిసిపోతుంది. ఆ మాటల వెనుక ఎన్ని క్యాన్ల పాలు పుల్లబడినవో, ఎందరు ఉత్పత్తిదారుల పూట డబ్బు పోయినదో లెక్క వేసేవారు తక్కువ.

ఒక సంఘంలో వానాకాలపు ట్రక్‌షీట్లు వరుసగా పెట్టి చూడగా ఒక విశేషం కనిపించింది. కుండపోతగా వాన కురిసిన పూట వ్యాను వేళకే వచ్చింది. మరునాటి ఉదయం, ఆకాశం తేటగా ఉన్న పూట, ఆలస్యమైంది. ఇట్లా ఒకటి కాదు, చాలాసార్లు జరిగింది. ఆలస్యానికి కారణం వాన అని వ్రాసుకున్నారు. నిజానికి కారణం వాన కాదు. రాత్రంతా ఇంజను అరలో నిలిచిన నీరు.

ఈ రెండింటికీ గల భేదాన్ని డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. వాన కురిసినందుకు చేను మునగదు. గుండేరు, లజ్జబండ, రత్నకోడు వంటి డ్రెయిన్లలో గుర్రపుడెక్క, తూడు పేరుకొని నీరు లాగనప్పుడు మునుగుతుంది. బండి సంగతీ అంతే. ఇంజను అరలోకి కొంత నీరు రావటం సహజం. బండిని తయారుచేసినవారు ఆ నీరు పోవటానికి దారులు కూడా పెట్టారు. ఆ దారులు పూడినప్పుడు నీరు నిలుస్తుంది, లేదా రాకూడని చోట చుక్కలుగా పడుతుంది. కనుక నీటిని రానీయకుండా అన్ని సందులూ మూసివేయటం కంటే, వచ్చిన నీరు పోయే దారిని తెరచి ఉంచటం ముఖ్యమని సంఘాలవారు మొదట గ్రహించవలెను.

మన ప్రాంతపు ప్రత్యేక పరిస్థితి

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలకు రెండు రుతుపవనాల వానలూ ఉన్నాయి. జూను నుంచి సెప్టెంబరు వరకు నైరుతి, ఆ తరువాత డిసెంబరు వరకు ఈశాన్యం. తుపానుల భయం ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలలలోనే. వరి కోతలు, నూర్పిళ్ళు కూడ ఇంచుమించు ఆ రోజులలోనే మొదలవుతాయి. రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. పొట్టు, గడ్డి నలుసులు, దుమ్ము లేచి బండి సందులలో చేరతాయి. వాటి మీద వాన పడితే ముద్ద అవుతుంది. ఆ ముద్ద ఆరితే బిరడా వలె బిగుస్తుంది.

రెండవది చెట్టు నీడ. సంఘం ముందర వేపచెట్టో, చింతచెట్టో, నిద్రగన్నేరో ఉంటుంది. ఎండకు పాలు వేడెక్కకుండా వ్యానును దాని కింద నిలపటం మంచి అలవాటే. అయితే చింత, నిద్రగన్నేరు ఆకులు చాలా చిన్నవి. పెద్ద ఆకు పైన ఆగిపోతుంది గాని, ఈ చిన్న ఆకులు నీటితో పాటు కొట్టుకువచ్చి సరిగా రంధ్రం దగ్గరే అడ్డుపడతాయి.

మూడవది ఉప్పు. నాగాయలంక, కోడూరు, మచిలీపట్నం తీర గ్రామాలలో గాలిలోనే ఉప్పు ఉన్నది. రొయ్యల చెరువుల వెంబడి పోయే దారులలో చక్రాలు చిమ్మే నీటిలో కూడ ఉప్పు ఉంటుంది. ఉప్పునీరు మంచినీటి కంటే త్వరగా ఇనుమును తుప్పు పట్టిస్తుంది, తీగల మొనలకు చిలుము పట్టిస్తుంది.

నీరు ఏ దారిన వస్తుంది?

మన రూట్లలో తిరిగే బండ్లు ముఖ్యంగా మూడు రకాలు. బొలేరో పికప్ వలె ముందు బానెట్ ఉన్నవి, టాటా ఏస్ వలె ఇంజను సీట్ల కింద ఉన్నవి, ఏపే ఆటో వలె ఇంజను వెనుక ఉన్నవి. దేని దారి దానిది.

బానెట్ ఉన్న బండిలో ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర, ఒక చిన్న కాలువ ఉంటుంది. అద్దం మీద పడిన నీరంతా దానిలోకే దిగుతుంది. కాలువ కొసల వద్ద నీరు పోయే రంధ్రాలు, కొన్నిటికి రబ్బరు గొట్టాలు ఉంటాయి. ఇవి పూడితే కాలువ నిండి, వెనుక నుంచి ఇంజను మీదికి పొర్లుతుంది. బానెట్ అంచున ఉండే రబ్బరు చినిగినా, తన చోటు నుంచి జారినా ఇదే జరుగుతుంది.

సీట్ల కింద ఇంజను ఉన్న బండిలో తలుపు రబ్బరు, అద్దం రబ్బరు, సీటు కింది మూత అంచు – ఈ మూడూ చూడవలెను. డ్రైవరు కూర్చునే చోటు కడగటానికి పైపుతో నీళ్ళు కొట్టటం కూడ ఒక కారణమే. వాన లేని రోజున కూడ ఇంజను తడిసినదంటే ముందుగా ఈ అలవాటునే అనుమానించవలెను.

వెనుక ఇంజను ఉన్న ఆటోలలో క్యాన్లు పెట్టే తట్టే ఇంజనుకు పైకప్పు. క్యాన్లు ఈడ్చినప్పుడు రేకు అరిగి చిల్లులు పడతాయి. బోల్టులు ఊడిన చోట రంధ్రాలు మిగులుతాయి. వాననీటితో పాటు ఒలికిన పాలు కూడ ఆ చిల్లుల గుండా దిగుతాయి. పాలు పులిస్తే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రేకును, తీగలను తినివేస్తుంది. ఈ బాధ పాలబండికే ప్రత్యేకం. కూరగాయల బండికి లేదు.

ఇవి గాక అన్ని బండ్లకూ చెందిన దారులు రెండు ఉన్నాయి. ఒకటి, అదనపు లైటుకో హారనుకో తీగ లాగటానికి రేకుకు పెట్టించిన రంధ్రం. రబ్బరు వలయం లేకుండా తీగ దూర్చితే, నీరు ఆ తీగనే పట్టుకొని లోపలికి నడుస్తుంది. రెండు, చక్రాల పైన ఉండే లోపలి తొడుగు, వెనుక వేలాడే రబ్బరు పలక ఊడిపోవటం. అప్పుడు చక్రం చిమ్మే బురదనీరు కింది నుంచి నేరుగా ఇంజనుకు తగులుతుంది.

నీరు చేసే హాని

డీజిలు ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు లేదు గనుక నీటి భయం లేదని పాత డ్రైవర్లు చెబుతూ ఉంటారు. పాత బండ్ల విషయంలో అది కొంతవరకు నిజం. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా అమ్మే బండ్లన్నీ బి.ఎస్.-6 ప్రమాణానికి చెందినవి. ఇటీవలి డీజిలు ఇంజన్లలో ఇంజెక్టర్లు విద్యుత్తుతో పనిచేస్తాయి. అనేక సెన్సార్లు, వాటి సమాచారం అందుకొనే కంప్యూటరు పెట్టె ఉంటాయి. తీగల జోడింపులో ఒక్క చుక్క నీరు నిలిచినా తప్పు సమాచారం వెళుతుంది. అప్పుడు పెట్టె ఇంజనును కాపాడటానికి దాని బలాన్ని తానే తగ్గిస్తుంది. బండి నడుస్తుంది గాని లాగదు. కొన్నిసార్లు అసలు స్టార్టు కాదు. ఎండకు ఆరిన తరువాత తనంతట తానే బాగవుతుంది. అందువల్ల మెకానిక్కు చూసే వేళకు లోపం కనిపించదు. పైన చెప్పిన "మరునాటి ఉదయం" ఆలస్యాల రహస్యం ఇదే.

ఇంజెక్టర్లు కూర్చునే గుంటలలో నీరు నిలిస్తే అవి తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. మరమ్మతుకు ఊడదీయబోతే రావు. ఐరోపా దేశాలలో వ్యాను మీద చిన్న ఇల్లు కట్టుకొని ఊళ్ళు తిరిగేవారు ఉన్నారు. ఆ బండ్లను మోటారుహోములు అంటారు. అద్దం కింది కాలువ నుంచి చుక్కలు జారి ఇంజెక్టర్ల మీద పడటం అక్కడివారికి బాగా తెలిసిన తంటా. అక్కడ ఒకరి విహారయాత్ర ఆగుతుంది. ఇక్కడ పది ఊళ్ళ పాలు ఆగుతాయి.

గాలి ఫిల్టరు కాగితం తడిస్తే ఇంజనుకు గాలి చాలదు. అంతకంటె ప్రమాదకరమైనది గాలి గొట్టం ద్వారా నీరు సిలిండరులోకి పోవటం. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండరులో నీరు ఉండగా పిస్టను పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. దీనికి అయ్యే ఖర్చు చిన్నది కాదు.

లోపం ఎక్కడున్నదో కనుక్కునే పద్ధతి

దీనికి యంత్రాలు అక్కరలేదు. ఒక చెంబు, రెండు పాత వార్తాపత్రికలు, గుప్పెడు ముగ్గుపిండి, ఇద్దరు మనుషులు చాలు.

1. బండిని చదునైన చోట నిలిపి ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనివ్వవలెను. ఇంజను అర పొడిగుడ్డతో తుడవవలెను.

2. అనుమానం ఉన్న చోట్ల కింద పత్రిక కాగితం పరచి, రేకుల మీద ముగ్గుపిండి పలుచగా చల్లవలెను. గాలి ఫిల్టరు లోపలికి, బెల్టుల మీదికి పిండి పోకుండా చూడవలెను. నీరు నడచిన దారి పిండిలో గీతగా కనిపిస్తుంది.

3. ఒకరు నీళ్ళు పోయవలెను, మరొకరు టార్చితో చూడవలెను. నీళ్ళు ముందుగా దిగువ భాగాన, తరువాత క్రమంగా పైభాగాన పోయవలెను. మొదటే పైన పోస్తే అన్ని సందులూ ఒకేసారి తడిసి ఏది కారుతున్నదో తెలియదు.

4. ఒక్కొక్క చోట పోసిన తరువాత పది నిమిషాలు ఆగవలెను. నిదానంగా ఊరే సందు వెంటనే బయటపడదు.

5. తడి కనిపించిన చోటే చిల్లు ఉన్నదని నిర్ణయించరాదు. నీరు రేకు వెంబడి, తీగ వెంబడి చాలా దూరం నడచి వచ్చి చుక్కగా పడుతుంది. తడి నుంచి పైకి వెదకుతూ పోవలెను.

పైపుతో గట్టిగా కొట్టి పరీక్షించటం తగదు. వాననీరు ఎన్నడూ పోని చోటికి కూడ ఆ ధాటికి నీరు పోతుంది. లేని లోపం కనిపిస్తుంది, ఉన్న లోపం మరుగునపడుతుంది.

చేయవలసిన పనులు

అద్దం కింది కాలువలోని ఆకులు, పొట్టు చేతితో తీసి, రంధ్రాలలో కొబ్బరి ఈనె దూర్చి మెల్లగా తిప్పవలెను. ఇనుప కమ్మీ వాడితే రబ్బరు గొట్టం చిరుగుతుంది. తరువాత ఒక చెంబు నీళ్ళు పోసి అవి నేల మీద ఎక్కడ పడుతున్నాయో చూడవలెను. పోసిన నీరు ఆలస్యం లేకుండా కిందికి దిగితేనే దారి తెరచుకున్నట్లు.

రబ్బరు అంచులను తడిగుడ్డతో తుడిచి చూడవలెను. పగిలినది, గట్టిపడినది మార్చవలెను. రబ్బరు బాగుండి ఊడినది మాత్రమే అయితే మరల అమర్చితే సరిపోతుంది. రేకు చిల్లులకు తుప్పు గీకి, ఆరబెట్టి, మాటు వేయించి రంగు పూయించవలెను. సిలికాన్ వాడదలచినవారు న్యూట్రల్ రకం అడిగి తీసుకొనవలెను. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఏ రకమైనా తడి మీద పూస్తే అంటదు.

తీగ జోడింపుకు వచ్చే తీగ, ముందు కొంచెం కిందికి వంగి తరువాత పైకి లేచి జోడింపులో చేరేటట్లు కట్టవలెను. అప్పుడు నీరు వంపు దగ్గరే కిందికి కారిపోతుంది. జోడింపులను విప్పి ఆరబెట్టి, వాటికని అమ్మే విద్యుత్ గ్రీజు కొద్దిగా పూయవలెను. మామూలు బేరింగు గ్రీజు పూయరాదు. కంప్యూటరు పెట్టెను, దాని జోడింపులను మాత్రం డ్రైవరు విప్పక మెకానిక్కుకే వదలవలెను.

చేయగూడని పనులు

డ్రైయిన్ రంధ్రాలను నీరు వచ్చే రంధ్రాలనుకొని తారుతోనో ఎం-సీల్‌తోనో మూసివేయరాదు. చేను మునుగుతున్నదని మురుగు కాలువకు కట్ట వేసినట్లవుతుంది.

ఇంజను మీద యూరియా సంచి, పాలిథీన్ పట్టా కప్పి బండి నడపరాదు. వేడి గొట్టానికి తగిలితే అంటుకుంటుంది, ఫ్యానులో పడితే బెల్టు తెగుతుంది. రాత్రి నిలిపినప్పుడు కప్పినా లోపలి ఆవిరి బయటికి పోక తడి ఎక్కువవుతుంది. కప్పవలసి వస్తే బండి అంతటికీ బయటి నుంచి, కింద గాలి ఆడేటట్లు కప్పవలెను.

ఇంజనును ఒత్తిడి నీటితో కడిగించరాదు. ఉప్పునీటి దారిలో నడచిన బండికి అడుగుభాగం, చక్రాల లోపలి భాగం మాత్రం మంచినీటితో కడిగించటం అవసరం.

నీరు చేరి బండి ఆగిపోతే

నీట మునిగిన దారిలో బండి ఆగితే మరల మరల సెల్ఫు కొట్టరాదు. చాలాసార్లు ఇంజను చెడేది ఆగినందువల్ల కాదు, ఆ తరువాత తాళం తిప్పినందువల్ల. బండిని గట్టుకు తోయించి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పవలెను. గాలి ఫిల్టరు పెట్టె తెరచి చూడవలెను. లోపల నీరు ఉంటే స్టార్టు చేసే ఆలోచన మాని మెకానిక్కును పిలవవలెను. తరువాత ఇంజను ఆయిలు పుల్ల తీసి చూడవలెను. ఆయిలు మజ్జిగ వలె తెల్లబడినా, ఉండవలసిన గీత కంటె పైకి వచ్చినా అందులో నీరు కలిసినట్లు. ఇవి రెండూ లేకుంటే తీగల జోడింపులు తుడిచి ఆరబెట్టి, డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలి, తీగ తగిలించి ఒకసారి ప్రయత్నించవచ్చు.

ఈ పనిలో పడి పాలను మరువరాదు. అనుకూలమైన వెచ్చదనంలో పాలలోని కొన్ని బాక్టీరియాలు అరగంటకే రెట్టింపు అవుతాయి. ఆ లెక్కన రెండు గంటల ఆలస్యమంటే ఒకటి పదహారు అయినట్లు. పితికిన రెండు, మూడు గంటలలో పాలు శీతలీకరణ కేంద్రానికి గాని, బల్క్ కూలరుకు గాని చేరి 4 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగవలెను. కనుక బండి ఆగిన పావుగంటలో కదలకపోతే వేరే బండి పిలిపించి క్యాన్లు మార్చటమే మంచిది. ఆ లోపల క్యాన్లను నీడన, మూతలు తడవకుండా, బోరునీటి తొట్టిలో మెడ వరకు ఉంచవచ్చు. క్యాను చుట్టూ తడిగోనె చుట్టటం ఎండాకాలంలో పనిచేసినంతగా ముసురు రోజున పనిచేయదు, గాలిలో తడి ఎక్కువగా ఉండి గోనె ఆరదు గనుక. పాలలో మంచు వేయటం మాత్రం ఎట్టి పరిస్థితిలోను తగదు. మంచు వేసిన పాలు నీళ్ళు కలిపిన పాలే. ఆలస్యంగా వచ్చిన క్యాన్లను కేంద్రంలో విడిగా ఉంచి, ఒక్కొక్క దాన్నీ మరిగించి చూసిన తరువాతనే మిగతావాటితో కలపవలెను.

తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు మాత్రం పైన చెప్పిన జాగ్రత్తలు చాలవు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఈ ప్రాంతంవారు మరువలేరు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటి లంక గ్రామాల దారులు మునిగాయి. అటువంటి సమయాలలో బండిని ముందురోజే మెరక ప్రదేశానికి చేర్చవలెను. ఆ పూట పాల సేకరణ ఉన్నదీ లేనిదీ ఉత్పత్తిదారులకు వేళకు తెలియజేయవలెను. మనిషి ప్రాణం కంటె ఏ క్యానూ ఎక్కువ కాదు.

సంఘం చేయవలసినది

"బండి కాంట్రాక్టరుది, మనకెందుకు?" అనే ప్రశ్న కొన్ని సంఘాలలో వినబడుతుంది. బండి కాంట్రాక్టరుదే. అందులోని పాలు మాత్రం సభ్యులవి. రెండు గేదెలున్న ఇల్లాలికి పూట పాల డబ్బు పోతే ఆ లోటు కాంట్రాక్టరు ఇంటిలో తెలియదు, ఆమె ఇంటిలోనే తెలుస్తుంది.

అందుచేత ప్రతి సంఘం ఈ కింది ఏర్పాట్లు చేసుకొనవలెనని సూచన.

1. సంవత్సరానికి రెండుసార్లు, రోహిణి కార్తెలో ఒకసారి, చిత్త కార్తె ప్రవేశించకముందు మరొకసారి, కార్యదర్శి సమక్షంలో వ్యానుకు చెంబునీళ్ళ పరీక్ష జరిపించి ఫలితాన్ని పుస్తకంలో వ్రాయవలెను. ఒకే వ్యాను అనేక సంఘాలకు తిరుగుతుంటే రూటులోని సంఘాలు కలసి ఒకే రోజు చేయవచ్చు.

2. వానాకాలంలో డ్రైవరు వారానికొకసారి, చెట్టు కింద నిలిపే బండి అయితే మూడు రోజులకొకసారి, అద్దం కింది కాలువ శుభ్రం చేయవలెను. ఐదు నిమిషాల పని.

3. రవాణా ఒప్పందం మరల వ్రాసుకొనే సమయంలో ఈ తనిఖీని, బండి ఆగితే బదులు బండి పంపే బాధ్యతను స్పష్టంగా చేర్చవలెను. నోటిమాట మీద నమ్మకం మంచిదే గాని, తగాదా వచ్చినప్పుడు నిలబడేది వ్రాత.

4. ట్రక్‌షీటులో "ఆలస్యం – వాన" అని వ్రాసి ఊరుకొనరాదు. బండి ఎక్కడ ఆగినది, ఎంతసేపు ఆగినది, ముందురోజు వాన పడినదా, ఏ భాగం తడిసినది అని వ్రాయవలెను. ఇట్లా ఒక నెల వ్రాస్తే లోపం ఎక్కడున్నదో ఆ కాగితమే చెబుతుంది. మెకానిక్కుకు అంతకంటె మంచి ఆధారం ఉండదు.

ఈ పనులలో ఖర్చుతో కూడినవి ఒకటి, రెండు మాత్రమే. కొబ్బరి ఈనెకు ధర లేదు, చెంబునీళ్ళకు లేదు. వచ్చే పాలకవర్గ సమావేశపు విషయసూచికలో దీనిని ఒక అంశంగా చేర్చి, డ్రైవరును కూడ ఆ సమావేశానికి పిలిచి, అతని మాట వినవలెనని సభ్య సంఘాల అధ్యక్షులను, కార్యదర్శులను కోరడమైనది. బండి సంగతి రోజూ దానితో గడిపేవానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.